నడిమి మాట

గుడివాడలో జరిగింది బందరుకు పేపరు కంటే ముందే వచ్చింది. శాసనసభ కమిటీ ముందు కూర్చున్న రెండు శాఖల వాళ్లు ఒకే కాలవ గురించి రెండు మాటలు చెప్పారు. ఒకాయన గండి పడదన్నాడు. పక్క కుర్చీలో ఆయన పడుతుందన్నాడు. కమిటీలో ఒక సభ్యుడు, మీరిద్దరూ బయటికి వెళ్లి తేల్చుకుని రండి, ఈలోగా మేం టిఫిన్లు కానిస్తాం అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు మర్నాడు ఫొటోతో సహా పేపర్లో పడింది.

అదే కమిటీ గురువారం బందరు వస్తోంది. వరదలకీ తుపాన్లకీ ఏ ఊరికి ఎంత ముప్పో శాఖల నోట విని, అసెంబ్లీలో పెట్టడం వాళ్ల పని. అందుకని సోమవారం పొద్దున్నే శాఖల వాళ్లందరినీ ఒక హాల్లోకి పిలిపించారు. పిలిపించింది కమిటీ ఏర్పాట్ల కోసం వేసిన ప్రత్యేకాధికారి శశిధర్. వయసులో చిన్నవాడు. మాట మెత్తన. ఒక్కొక్క ఊరి పేరూ చదువుకుంటూ పోయాడు. చాలా ఊళ్లకు అందరి మాటా ఒకటే. మడపాలెం దగ్గర ఆగాడు.

మడపాలెం దివిసీమ చివర, నాగాయలంక దాటాక, కృష్ణ కరకట్టను ఆనుకుని ఉంటుంది. ఇంకొంచెం పోతే మడ అడవి. ఆ తర్వాత సముద్రం. నీటి శాఖ ఆ ఊరికి ముప్పు ‘తక్కువ’ అని రాసింది. రాసినవాడు చిట్టిబాబు, అవనిగడ్డలో డిప్యూటీ ఇంజనీరు. విపత్తుల శాఖ ‘ఎక్కువ’ అని రాసింది. రాసింది నాగశ్రీ, జిల్లాలో ఆ శాఖ పని చూసే అధికారిణి.

మాటలో తేడా కాగితంతో పోయేది కాదు. ‘ఎక్కువ’ అని ఉన్న ఊరికి తుపాను హెచ్చరిక వచ్చిన రోజే బస్సులు వెళ్తాయి. జనాన్ని ఎక్కించుకుని పైఊళ్ల బడుల్లో దింపుతాయి. మిగతా ఊళ్లకు ఫోన్లో మెసేజ్ వస్తుంది, ఆటోలో మైకు వస్తుంది. బస్సులు మాత్రం నాగాయలంకలో ఆగి ఉంటాయి. నీళ్లు కనబడ్డాక కదులుతాయి. మడపాలేనికి ఉన్నది ఒకటే దారి, మురుగు కాలవ మీద చప్టా. నీళ్లు కనబడ్డాక ఆ చప్టా కనబడదు. ఈ సంగతి హాల్లో అందరికీ తెలుసు.

చిట్టిబాబు లేచి చెప్పాల్సింది చెప్పాడు. మొన్నటి పెద్ద వరదకు పైన చాలా చోట్ల కట్ట చెమర్చింది, మడపాలెం దగ్గర మాత్రం లోపలివైపు చుక్క రాలేదు. నాగశ్రీ కూడా లేచి చెప్పింది. తుపాను నది మొగ దగ్గర తీరం దాటితే సముద్రం ఎంత లేస్తుందో తమ లెక్కలో వచ్చింది, ఆ ఎత్తు మడపాలెం కట్ట కంటే ఎక్కువ. ఇద్దరూ గొంతు పెంచలేదు. ఒకరి మాటకు ఒకరు అడ్డం రాలేదు. చెప్పి కూర్చున్నారు.

శశిధర్ టీ తెప్పించాడు. టీ తాగుతుంటే వెనక వరసలో ఎవరో, గట్టు తగువొస్తే పెద్దమనుషులేం చేస్తారండీ, మధ్యలో రాయేస్తారు అన్నారు. కొందరు నవ్వారు గానీ అది నవ్వులాటకు అన్న మాట కాదు. ఆ సీమలో గట్టు తగువైనా, వంతు నీటి తగువైనా, చేపల చెరువు కౌలైనా అలాగే తీరుతుంది. చెరికాస్త తగ్గితే ఇద్దరికీ పరువు. చిట్టిబాబు ఇంట్లో కూడా అన్నదమ్ములు అలాగే తీర్చుకున్నారు. తక్కువకీ ఎక్కువకీ మధ్యలో ‘మధ్యస్థం’ అని ఒక మాట ఉండనే ఉంది. శశిధర్ ముఖం తేటపడింది. రేపు ఇద్దరూ కలిసి వెళ్లి ఒకసారి చూసి రండి, ఎల్లుండి సంతకాలు పెట్టండి అన్నాడు. ఆ మాట అనేటప్పుడు నిజంగానే అందరి మేలూ కోరి అన్నాడు.

మంగళవారం చిట్టిబాబు శాఖ జీపులోనే ఇద్దరూ బయల్దేరారు. ఇద్దరూ మాట పొదుపు మనుషులే. పులిగడ్డ దగ్గర ఆమె భోజనం సంగతి అడిగింది. అవనిగడ్డలో పొట్లాలు కట్టించుకుందాం అన్నాడు. అంతే.

నాగాయలంక దాటి కట్ట ఎక్కేసరికి లస్కరు హనోకు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ చివరి ముక్క కట్టకు కాపలా తిరిగేది అతనే. సొంత ఊరు మడపాలెమే. జీపులో విపత్తుల మేడంను చూసి, కట్టకి జొరమొచ్చిందా సార్, డాక్టరమ్మని తీసుకొచ్చారు అన్నాడు. చిట్టిబాబు నవ్వలేదు. జీపు వెనక నుంచి ఇనప చువ్వ అందుకున్నాడు.

ఆయన కట్ట చూసే పద్ధతి అది. పైన దారి ఉన్నా పైన నడవడు. నది వైపు వాలులో దిగి, పాదాలు అడ్డంగా పెట్టి, నడుం కాస్త వంచి నడుస్తాడు. నడుస్తూ చువ్వ దింపుతాడు. గట్టి మట్టిలో చువ్వ ఒకలా ఆగుతుంది. ఎలుక బొరియ మీద ఒకలా జారుతుంది. చేతికి తెలిసిపోతుంది. ఒకచోట తుమ్మ మొక్క కట్టలోకి వేరు దింపింది. వంగి, మొదలు పట్టుకుని, కుదురుతో సహా పీకాడు. ఆ గుంటలో మట్టి వేసి, మడమతో తొక్కి, మళ్లీ మట్టి వేసి మళ్లీ తొక్కాడు. అప్పుడు గానీ ముందుకు కదల్లేదు.

నాగశ్రీ చెప్పులు చేత్తో పట్టుకుని ఆయన వెనకే వాలులో నడిచింది. పైనుంచి నడవొచ్చు కదా మేడం అని హనోకు అంటే, పైనుంచి ఆయన చూసేది కనబడదు కదా అంది. తెలియని చోట నోరు కట్టుకుని కళ్లు తెరుచుకునే మనిషి అని చిట్టిబాబు మనసులో అనుకున్నాడు. ఇరవై ఏళ్ల చిన్నదైనా ఆ తర్వాత ఆమెను మీరు అనడంలో ఆయన గొంతు మారింది.

చాలా దూరం వచ్చాక ఆమె ఒకటే అడిగింది. అవనిగడ్డ నుంచి దిగుతున్న కొద్దీ కట్ట ఎత్తు తగ్గుతూ వస్తోంది, ఎందుకని. ఆ ప్రశ్నకు చిట్టిబాబుకు సంతోషమేసింది. చువ్వతో మట్టి మీద గీత గీసి చూపించాడు. నది సముద్రం వైపు వెళ్తున్న కొద్దీ వెడల్పవుతుంది, పరుచుకుంటుంది, వరద మట్టం తగ్గుతుంది. మట్టాన్ని బట్టి కట్ట. తక్కువ నీటికి ఎక్కువ మట్టి పోయడం ప్రజల సొమ్ము కాలవలో పోయడమే.

“అంటే మొత్తం కట్టలో పల్లమైన చోటు మడపాలెమే కదండీ.”

“అవునమ్మా. నదికి కూడా అదే పల్లం.”

“సముద్రానికి అదే మొదలు కదండీ.”

“సముద్రం మీ శాఖ కదా,” అన్నాడు.

అందులో వెటకారం లేదు. నిజంగానే అలా అనుకున్నాడు. ఆయన ఉద్యోగంలో నీళ్లు ఎప్పుడూ ఎగువ నుంచే వచ్చాయి. బ్యారేజీ నుంచి ఫోన్ వస్తుంది. ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారో చెబుతారు. అది అవనిగడ్డకు ఎప్పుడు చేరుతుందో లెక్క వేసుకుని, ఇసక బస్తాలు ఇచ్చి మనుషుల్ని కట్ట మీదికి పంపుతాడు. దిగువ నుంచి ఫోన్ చేసేవాళ్లు ఎవరూ లేరు.

ఊరి మొదట్లో అచ్చమ్మ పట్టా మీద రొయ్యపొట్టు ఎండబెడుతోంది. డెబ్బై దాటిన మనిషి. ఏం కొలుస్తున్నార్రా అని హనోకును అడిగింది. మనకెంత బయ్యం ఉండాలో కొలుస్తున్నారు పిన్నీ అన్నాడు హనోకు. తేలిందా అంది. ఇంకా లేదన్నాడు. తేలాక చెప్పండి, అందాకా మామూలుగానే ఉంటాం అని మళ్లీ రొయ్యపొట్టు మీదికి వంగింది. నాగశ్రీ మంచినీళ్లు అడిగితే, కూర్చున్న చోటు నుంచే బిందె చూపించింది.

మురుగు కాలవ నదిలో కలిసే చోట కట్ట కింద తూము ఉంది. ఆ తూము గోడ మీద కూర్చుని పొట్లాలు విప్పారు. చిట్టిబాబు నదిని చూస్తూ తింటున్నాడు. ఎగువ నుంచి ఒక గుర్రపు డెక్క తెప్ప తేలుతూ వస్తోంది. వస్తూ వస్తూ మెల్లగా అయింది. తూముకు ఎదురుగా వచ్చి ఆగింది. కాసేపు అక్కడే కదలకుండా ఉంది. తర్వాత, ఏదో మరిచిపోయి వెనక్కి వెళ్లినట్టు, వచ్చిన దారినే ఎగువకు బయల్దేరింది.

సముద్రపు పోటు. రోజూ ఉండేదే. పోటు వేళకు తూము తలుపు దించమని హనోకుకు చెప్పేది కూడా ఆయనే. ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాడు. తూము కోసం చూశాడు, మురుగు కాలవ కోసం చూశాడు. కట్ట కోసం ఎప్పుడూ చూడలేదు.

ఆయన చెయ్యి పొట్లంలోనే ఆగిపోయింది. తినడం ముగించకుండా లేచి, కట్ట మీది రెల్లు ఒకటి తుంచి నీళ్లలో వేశాడు. అదీ వెనక్కే పోయింది. ఇంకొకటి వేశాడు. పోటు సార్, అమాసకి ఇంకా పైకొస్తది అన్నాడు హనోకు. తెలుసు అన్నాడు చిట్టిబాబు. చేతులు కడుక్కుని జీపెక్కాడు. బందరు వచ్చేదాకా ఆమెతో ఏమీ మాట్లాడలేదు.

బుధవారం కాగితం తయారై ఉంది. పొద్దున్నే చిట్టిబాబుకు తన శాఖలో పైఅధికారి ఫోన్ చేశాడు. మధ్యస్థం అంటే మనకు పోయేదేం లేదు, సంతకం పెట్టి వచ్చెయ్యి, అదే ఎక్కువ అని ఒప్పుకున్నావనుకో, కట్ట ఎవరు కట్టారు, సరిపోతుందని ఎవరు రాశారు అని అడుగుతారు, ఆ రెండింటికీ నీ పేరే ఉంది, వచ్చే వేసవికి రిటైరయ్యేవాడివి, నీకెందుకు. చివరి మాట ప్రేమగానే అన్నాడు.

చిట్టిబాబు సంతకం పెట్టాడు. కాగితం నాగశ్రీ ముందుకు వెళ్లింది. ఆమె పెన్ను తీసి, పెట్టకుండా, కింద ఒక వాక్యం రాయొచ్చా అని శశిధర్‌ను అడిగింది. ఒక్క మాటకే చోటుందండీ అన్నాడాయన. పెట్టకపోతే ఏమవుతుందని అడిగింది. కట్ట వాళ్లది కాబట్టి వాళ్ల మాటే వెళ్తుంది, ‘తక్కువ’ అని వెళ్తుంది అన్నాడు. దాచకుండా చెప్పాడు. ఆమె సంతకం పెట్టింది. పెట్టాక పెన్ను మూత పెట్టడం మరిచిపోయి అలాగే చేత్తో పట్టుకుని బయటికి వెళ్లింది.

అది చిట్టిబాబు చూశాడు. సంతకం ఇద్దరూ పెట్టారు గానీ ఓడింది ఆమె ఒక్కతే అనిపించింది. వెనకే వెళ్లి, టీ తాగుదాం రండి అన్నాడు.

క్యాంటీన్లో బల్ల తడిగా ఉంది. టీ వచ్చింది. చిట్టిబాబు తాగలేదు.

“మీ లెక్కలో సముద్రం లేచినప్పుడు నది ఎంత ఉంది?”

“మామూలుగా ఉందండీ. వరద లేనప్పుడు ఎంత ఉంటుందో అంత.”

ఆయన తలాడించాడు. తడి బల్ల మీద వేలితో ఒక గీత గీశాడు.

“నా లెక్కలో వరద వచ్చినప్పుడు సముద్రం మామూలుగా ఉందమ్మా. అంటే వచ్చిన నీళ్లను వచ్చినట్టు తీసేసుకుంటుంది.”

నాగశ్రీ గ్లాసు కింద పెట్టింది. ఆయన చెప్పబోయేది ఆమెకు అప్పటికే అందింది. తుపాను వచ్చేది కార్తీకంలో. ఆ తుపాన్లే పైన వానలు కురిపిస్తాయి. బ్యారేజీ గేట్లు ఎత్తేదీ అప్పుడే. ఎగువ నుంచి వరద దిగుతుండగా దిగువ నుంచి ఉప్పెన లేస్తే, నిన్నటి గుర్రపు డెక్కలాగా నది మొత్తం మడపాలెం దగ్గర ఆగుతుంది. ఆగిన నది పక్కకు వెతుక్కుంటుంది. పక్కన ఉన్నది ఆ పల్లపు కట్ట. ఆయన లెక్క తప్పు కాదు. ఆమె లెక్కా తప్పు కాదు. రెండింటికీ మధ్యలో వేసిన రాయి ఒక్కటే తప్పు. అసలు మట్టం రెండింటి కంటే పైన ఎక్కడో ఉంది. ఎంత పైనో ఎవరూ లెక్క కట్టలేదు.

ఇద్దరూ లేచి శశిధర్ దగ్గరికి వెళ్లారు. ఆయన ఓపిగ్గా విన్నాడు. కాగితాలు సభ్యులకు వెళ్లిపోయాయి అన్నాడు. కమిటీ అయ్యాక ఒక లెటర్ పెట్టుకోండి, నేను పంపిస్తాను, రేపు మాత్రం ఒక మాట మీదే ఉండండి, గుడివాడ ఇక్కడ వద్దు. చేతులు జోడించినంత పని చేశాడు.

గురువారం హాలు నిండింది. కమిటీ అధ్యక్షురాలు ప్రభావతి ఎమ్మెల్యే. కళ్లజోడు ముక్కు చివరికి దించుకుని, వేలు కాగితం మీద పెట్టి, ఊరు ఊరుకూ ఆగి చదువుతుంది. పక్కన గుడివాడలో టిఫిన్ మాట అన్న సభ్యుడు ఉన్నాడు. చాలా ఊళ్లు నడిచిపోయాయి. మడపాలెం మీద ఆమె వేలు ఆగింది.

మధ్యస్థం అంటే బస్సు వెళ్తుందా వెళ్లదా అని అడిగింది. సిద్ధంగా ఉంటుంది మేడం అన్నాడు శశిధర్. ఎక్కడ అంది. నాగాయలంకలో అన్నాడు. ఆమె వేలు అక్కడి నుంచి తియ్యలేదు.

“ఈ మాట ఎవరిది?”

చిట్టిబాబు కుర్చీ చప్పుడు చేసుకుంటూ లేచాడు. ముందు వరసలో ఆయన పైఅధికారి వెనక్కి తిరిగి చూశాడు. చిట్టిబాబు అటు చూడలేదు.

“సంతకాలు మా ఇద్దరివీనండీ. మాట మా ఇద్దరిదీ కాదు.”

టిఫిన్ సభ్యుడు ముందుకు వంగాడు. ఇక్కడ కూడా బయటికి వెళ్లి తేల్చుకుని వస్తారా అన్నాడు. కొందరు నవ్వడానికి సిద్ధమయ్యారు.

“మొన్న వెళ్లి చూసే వచ్చామండీ. తేలలేదు. తేలలేదన్న సంగతే ఇందులో రాయలేదు.”

నవ్వు రాలేదు. చిట్టిబాబు చెప్పడం మొదలుపెట్టాడు. ఉపన్యాసం చెప్పే మనిషి కాదు. ఎక్కడ ఆగాలో తెలియక మధ్యమధ్య ఆగాడు. నేను తక్కువ అని రాశాను, ఎందుకు రాశానంటే ఇందుకు అని చెప్పాడు. తర్వాత నాగశ్రీ వైపు చెయ్యి చూపించి, ఆవిడ ఎక్కువ అని రాశారు, ఎందుకో ఆవిడ చెబుతారు అన్నాడు. ఆమె లేచింది. తన మాట నెగ్గుతోందన్న ఉత్సాహం ఆమె ముఖంలో లేదు. తన లెక్కలో నదిని మామూలుగా ఉంచడం తన లోపమని ముందు చెప్పి, ఆ తర్వాతే సముద్రం సంగతి చెప్పింది. ఆమె మాట తడబడిన చోట ఆయన కట్ట ఎత్తు అందించాడు. ఆయన ఆగిన చోట ఆమె పోటు వేళ అందించింది. వాళ్లిద్దరూ ఒకరికొకరు ఎదురు శాఖలని తెలియనివాడు వింటే, ఒక పనిమీద వచ్చిన తండ్రీ కూతుళ్లు అనుకునేవాడు.

ప్రభావతి అంతా విని, రెండూ ఒకేసారి వస్తే ఎంత అని అడిగింది.

“లెక్క కట్టలేదండీ,” అంది నాగశ్రీ.

“ఎన్నాళ్లు పడుతుంది?”

రెండు శాఖలూ కూర్చుంటే సంక్రాంతి లోపల అవుతుందని చెప్పారు.

“అందాకా?”

ఆ ప్రశ్న ఆమె చిట్టిబాబును చూసి అడిగింది. కట్ట ఆయనది. ఆయన జేబులోంచి రుమాలు తీసి, మొహం తుడుచుకోకుండా, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. ఇరవై మూడు వర్షాకాలాలు ఆ కట్ట మీద నడిచిన మనిషి. దాని మీద పడుకున్న మనిషి. అది బలహీనమని ఇంతవరకు ఎవరి నోటా రాలేదు. ఇప్పుడు రావాల్సింది తన నోటనే.

“అందాకా ఎక్కువ అని రాయండి.”

ప్రభావతి మెచ్చుకోలేదు. తప్పు పట్టలేదు. ‘మధ్యస్థం’ అన్న మాట కొట్టేసి, రెండు శాఖల మాటలూ విడివిడిగా రాయమంది. కింద, కలిపి లెక్క కట్టలేదు అని రాయమంది. ఆ లెక్క వచ్చేదాకా ఎక్కువ అన్నదే అమలు. కళ్లజోడు సర్దుకుని తర్వాత ఊరు అంది. ఈలోగా టిఫిన్ సభ్యుడు చెయ్యెత్తాడు. నవ్వకుండా, ఇంకా ఎన్ని ఊళ్లకు ఇలా మధ్యలో రాయేశారండీ అని హాలును అడిగాడు. కాసేపు కాగితాల చప్పుడు. ఆ తర్వాత వెనక వరసలో ఒకాయన లేచి, మాదొకటి ఉందండీ అన్నాడు. మడపాలెం మీద గట్టు మాట అన్నది ఆయనే.

బయట వరండాలో చిట్టిబాబు పైఅధికారి పలకరించకుండా కారెక్కాడు. శశిధర్ మాత్రం వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏమంటాడోనని ఇద్దరూ చూశారు. నిన్న మీరు వచ్చినప్పుడే కాగితాలు వెనక్కి తెప్పించాల్సింది అన్నాడు. అని, లోపలికి వెళ్లిపోయాడు. అంత మాట అనగలిగినవాడు పనికొస్తాడు అన్నాడు చిట్టిబాబు. మర్నాడు ఆయనకు మెమో వచ్చింది. సంతకం పెట్టిన దానికి విరుద్ధంగా కమిటీ ముందు ఎందుకు మాట్లాడారో వివరణ ఇవ్వాలి. చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని కట్ట మీదికి వెళ్లాడు.

ఆ వారం తిరక్కుండానే సముద్రంలో వాయుగుండం పుట్టింది. పైన వానలు పట్టాయి. చిట్టిబాబుకు బ్యారేజీ నుంచి ఫోన్ వచ్చింది. పెట్టేసి నాగశ్రీకి చేశాడు. ఆమెకు వాతావరణం వాళ్ల నుంచి ఫోన్ వచ్చింది. పెట్టేసి ఆయనకు చేసింది. ఇదివరకు ఎవరికి వచ్చింది వాళ్లు తమ పైవాళ్లకు చెప్పుకునేవాళ్లు.

ఆదివారం పొద్దున బస్సులు చప్టా దాటి మడపాలెం వచ్చాయి. చప్టా పొడిగా ఉంది. ఎండ కూడా ఉంది. జనం గొణుక్కుంటూ ఎక్కారు. వలలు చుట్టి అటకల మీద పెట్టారు. కోళ్లను గంపల కింద నుంచి వదిలారు. హనోకు ఇంటింటికీ తిరిగి, పైఊళ్లో పప్పన్నం పెడతారంట, ఆలస్యమైతే పప్పే మిగుల్తది అని తొందరపెట్టాడు. నాగశ్రీ బస్సు తలుపు దగ్గర నిలబడి పిల్లల్ని లోపలికి అందిస్తోంది. చిట్టిబాబు తూము తలుపు దించి, చేతులకు గ్రీజుతో వచ్చాడు.

అచ్చమ్మ మాత్రం అరుగు మీద కూర్చుని కదల్లేదు. ఇలాంటివి చాలా చూశాను, ఎండ కాస్తుంటే ఎక్కడికి రమ్మంటారు, కట్ట గట్టిగా ఉందని మీరే చెబుతారు కదా అంది. హనోకు బతిమాలాడు. మనవడు వచ్చి కోప్పడ్డాడు. నాగశ్రీ వచ్చి ఉప్పెన సంగతి చెప్పబోతే, అది నాకు చెప్పకమ్మా, నువ్వు పుట్టకముందు సంగతి అంది. చివరికి చిట్టిబాబు వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు. ఆమె ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది.

“ఈ కట్ట నువ్వే కదయ్యా కట్టించింది.”

“అవునమ్మా.”

“తెగుద్దా?”

“తెలియదమ్మా.”

“కట్టించినోడివి నీకే తెలవదా?”

“తెలియదు. ఇన్నాళ్లూ తెలుసనుకున్నాను.”

హనోకు ఏదో చమత్కారం ఆడబోయి ఊరుకున్నాడు. అచ్చమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. బస్సు వైపు రాలేదు. ఇంటి వెనక్కి వెళ్లింది. అక్కడ గుంజకు గేదె కట్టి ఉంది. గుంజ దగ్గర ముడి ఆమె ముట్టుకోలేదు. గేదె మెడ దగ్గరికే వెళ్లి, బిగిసిన ముడిని గోళ్లతో లాగి లాగి, పలుపు మొత్తం తీసేసింది. నీళ్లలో పలుపు కంపకు తగులుకుంటే గేదె ఈదలేదు. ఉప్పెన చూసిన చేతికి అది ఎవరూ చెప్పక్కర్లేదు. పలుపును చుట్టగా చుట్టి చూరులో దోపి, గేదె వీపు మీద ఒకసారి చరిచి, వచ్చింది.

బస్సు మెట్టు ఎత్తుగా ఉంది. నాగశ్రీ చెయ్యి పట్టుకుని ఎక్కింది. బస్సు చప్టా దాటేవరకు చిట్టిబాబు వీధిలోనే నిలబడ్డాడు. ఇంటి వెనక గేదె, మెడ ఖాళీగా, గుంజ పక్కనే, కట్టేసినప్పుడు ఎక్కడ నిలబడిందో అక్కడే నిలబడి ఉంది.